ఎవరి చేతికీ గంటె?

పుంగనూరు నుండి మదనపల్లెకు పోవు బాటకు ఒక ప్రక్కగా, కానుగ నీడలో ఒదిగియున్న ఒక వడ్రంగి కొట్టము ముందర, వేసవి తొలిపొద్దున, అరిగిపోయిన పాత కొయ్యగంటె నొకదానిని చేతబట్టుకొని నిలిచి, సరిగా ఇటువంటిదే మరియొకటి చెక్కి యియ్యవలెనని నేనడిగినప్పుడు, డెబ్బదియేండ్లు దాటిన ఆ వృద్ధుడు నా చేతిలోని వస్తువునైనను చూడక, నా మొగమువంక తలయెత్తి ఒక్క ప్రశ్న వేసెను.

"ఎవురి చేతికి నాయనా?"

ఆ గంటె కుప్పములో నున్న మా పెద్దమ్మది. సంక్రాంతికి పోయినప్పుడు, "మూతి అరిగిపోయిందిరా, ఇట్లాంటిదే ఇంకొకటి యాడన్నా దొరికితే తెచ్చిపెట్టు" అని నా సంచిలో వేసి పంపినది. మదనపల్లె బజారులో పాత్రల అంగళ్లు నాలుగైదు తిరిగితిని; స్టీలు గంటెలు గుత్తులు గుత్తులుగా వ్రేలాడుచున్నవి; అంటుకొనని పెనముల కొరకని ఎక్కడనో యంత్రముపై కోసి, నున్నచేసి, కాగితపు పట్టీ చుట్టిన చెక్కగరిటెలును ఉన్నవి; కాని పెద్దమ్మ గంటెకు గల మెడవంపు, లోతు తెలియకుండ లోతైన ఆ పల్లము, పిడి చివర చిటికెనవ్రేలు ఆనుకొనుటకై యున్న ఆ చిన్న బుడిపె, ఎక్కడను కానరాలేదు. అందువలన ఒకరు చెప్పగా విని ఈ కొట్టము వెదకికొని వచ్చితిని.

"మా పెద్దమ్మ చేతికి తాతా" అంటిని.

ఆయన అప్పుడు గంటెను అందుకొనెను. పిడిని తనవైపునకు పట్టి, మూతిని వెలుతురుకు త్రిప్పి, బొటనవ్రేలితో అంచును తడవి చూచి, "ఆమెది ఎడమచెయ్యి" అనెను.

నేను కాదంటిని. పసితనమునుండి ఆమె చేతి ముద్ద తిన్నవాడను. ఆమె కుడిచేతితో వడ్డించుట నా కన్నులారా చూచినవాడను. ఆయన వాదింపలేదు. "అంచు సూడు" అని గంటెను నా చేతికి తిరిగి యిచ్చెను. కుడిచేతివాటము గల మనిషి కలియబెట్టునప్పుడు గంటె ఎడమకు వాలి కుండ అడుగునకు తగులును గనుక దాని మూతి ఎడమ అంచున అరుగును; ఎడమచేతి మనిషిదైనచో కుడి అంచున అరుగును. మా పెద్దమ్మ గంటెకు కుడి అంచు గోటి వెడల్పున లోపలికి పోయి, నెలవంక తునకవలె నున్నబడి మెరయుచుండెను. ఎన్ని వేల పూటల పులుసు, ఎన్ని వేల పూటల పప్పు ఆ గోటి వెడల్పు కొయ్యను తినివేసినవో, ఆ అరిగిన పొడియంతయు మెతుకులతో కలిసి మా కడుపులలోనికే వచ్చియుండవలెను గదా యని తోచినప్పుడు, నేను ఆ చిన్న వస్తువును అంతకుముందు పట్టుకొన్నట్లు పట్టుకొనలేకపోయితిని.

ఆ ముసలి వడ్రంగి ప్రశ్న బోధపడవలెనన్నచో ఈ మిట్టసీమ వంటయింటిని ఎరిగియుండవలెను. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన ఎత్తున, గుండ్ల కొండల నడుమ, ఎర్రమన్నుపై, వానను నమ్ముకొని రాగియు వేరుసెనగయు అనపయు పండించుకొనుచు వచ్చిన నేల యిది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె కడప జిల్లానుండి వచ్చి చేరినది. పుంగనూరు, కంగుంది జమీనులు ఉత్తర ఆర్కాటు నుండి వచ్చి చేరినవి. ఆ కంగుంది జమీనులోనిదే కుప్పము. తరువాతి కాలమున జిల్లాల గీతలు మరల మరల మారినను, పొయ్యిపై సంగటి కుండ మాత్రము గీతలన్నిటికిని ఇవతలనే నిలిచినది.

సంగటి చేయుట చూడనివారికి దానిని మాటలలో చెప్పుట కష్టము. ఎసరులో నూకలు ఉడికిన పిమ్మట రాగిపిండిని నడుమ గోపురముగా పోసి, కట్టెతో దాని నడినెత్తిన ఒక రంధ్రము చేసి, ఆ రంధ్రమునుండి ఆవిరి బుసబుస పొంగి పిండి లోలోపల మగ్గువరకు ఓపికపట్టి, పిదప కుండను దించి, రెండు పాదముల నడుమ గుడ్డతో అదిమిపట్టి, మూరెడున్నర పొడవు గల సంగటి కట్టెను రెండు చేతుల బిగించి ఇల్లాలు గెలుకునప్పుడు, భుజము మొదలుకొని మడమ వరకు ఆమె యొంట పనిచేయని కీలు ఒక్కటియు ఉండదు. ఒక్క ఉండ మిగిలినను ఆ ఇంట మాట పడవలసినదే. ఆ పెద్దకట్టెకు తోబుట్టువు ఈ చిన్న గంటె. జానెడునకు నాలుగు వ్రేళ్లు మించదు. పులుసాకు కలియబెట్టుటకు, అనపగింజల తోలు పితికి వండిన పితికిపప్పును చిదుగకుండ తిరుగవేయుటకు, ఊరిబిండిని గిన్నెలోనికి తీయుటకు, ఊరగాయ జాడీలో చేయి పెట్టకుండ ముక్కను అందుకొనుటకు అది. మెదిపెడి పప్పుగుత్తి వేరు, చిలికెడి కవ్వము వేరు. ఎనుపుటయు, చిలుకుటయు, గెలుకుటయు ఒకే పని కాదని ఈ సీమ ఆడువారు వేర్వేరు కొయ్యలుగా నిలుపుకొన్నారు.

కొయ్యయే ఏల? వండునది మట్టికుండలో. ఇనుపగంటె ఒక్కసారి విసురుగా తగిలినచో కుండ పగులును. కొయ్యగంటె తగిలినచో రెండును బ్రతుకును. వండునది చింతపండు పులుసు, మజ్జిగ పులుసు, ఉప్పూ కారమూ నానిన ఊరగాయ. పులుపు తగిలిన ఇత్తడి చిలుమెక్కును; అందుకే ఇత్తడికి కళాయి పూతలు కావలసివచ్చినవి; కొయ్యకు ఏ పూతయు అక్కరలేదు. మూడవది వేడిమి. అల్యూమినియము కొయ్యకంటె వేయిరెట్లకు మించి ఉష్ణమును ప్రసరింపజేయును. గంటె మూతి ఉడుకుచున్న పులుసులో నుండగా దాని పిడిని పట్టుకొన్న చేయి చల్లగా ఉండుట అను భాగ్యము కొయ్య యిచ్చునదే. ఇన్ని కారణములు కూడబలుక్కొని ఒక జానెడు వస్తువు పుట్టినది.

కుప్పము మూడు రాష్ట్రముల కూడలి. అక్కడ ఒకే రాగిపిండి ఒకరి నోట సంగటి, వేరొకరి నోట ముద్దె, మరియొకరి నోట కళి. 1997లో ద్రవిడ విశ్వవిద్యాలయమును ఆ ఊర నెలకొల్పినది ఇటువంటి మాటల చుట్టరికములను చదువుటకే. అటువంటి చుట్టరికము నొకదానిని నేను మా పెద్దమ్మ వాకిటనే విన్నాను. తెలుగువారు తెడ్డు అన్నచో పడవ నడుపు తెడ్డును కావచ్చును, అన్నము కలియబెట్టు తెడ్డును కావచ్చును. అరవవారి తుడుప్పు అను మాటకును సరిగా ఈ రెండర్థములే. పడవ సాగునంతటి నది లేని ఈ మెట్టమీద పడవ ఎవరికి తెలియును? అయినను కుండలో కొయ్య తిప్పు చేతికిని నీటిలో కొయ్య తిప్పు చేతికిని భేదము లేదని రెండు భాషలును ఒప్పుకొన్నవి. సంస్కృతమున అమరసింహుడు దర్వి మొదలగు పేర్ల వరుసలో కొయ్యగంటెకు ఇచ్చిన పేరు నాకు వీటన్నిటికంటెను ప్రియమైనది: దారుహస్తకము. కొయ్యచేయి. కాలని చేయి, పులుపు మండని చేయి, మనిషి తన చేతికి చేర్చుకొన్న మరియొక చేయి.

ఆ చేయి ఎవరిదను ప్రశ్నయు మన దేశమున క్రొత్తది కాదు. ఆంధ్రదేశపు వైదికులలో పెక్కుమంది అనుసరించు ఆపస్తంబుని శ్రౌతసూత్రము హోమమునకు వాడు కొయ్యగంటెలను ఒక్కొక్క చెట్టునకు ఒక్కొక్కటిగా పంచి యిచ్చినది: స్రువము చండ్రకొయ్యతో, జుహువు మోదుగకొయ్యతో, ఉపభృత్తు రావికొయ్యతో. వాటి నిడివికి కొలత బద్దకాదు, దేహము: బాహువంత యనియు, మూరెడంత యనియు, స్రువపు పల్లము బొటనవ్రేలి కణుపంత. అగ్నిచయనమున చితి కట్టునపుడు యజమాని చేతులెత్తి నిలిచిన నిడివియే ప్రమాణము. అంత పెద్ద యాగపు వేదికను కొలిచినట్లే ఇంత చిన్న గంటెను కొలువవలెనని, సూత్రగ్రంథముల పేరైనను చెప్పని ఈ కొట్టపు వృద్ధుడు నన్ను అడిగిన మొదటి మాట గుర్తుచేసినది. నేను పెద్దమ్మ చేయి ఎంత పొడవో చెప్పలేకపోయితిని. "నీ చెయ్యి సాపు" అని నా అరచేతిపై తన జానను పరచి, "మీ అమ్మకి అక్క గదా, రొంత తగ్గిస్తే సరిపోతాది" అని పని మొదలుపెట్టెను.

ఆయన ఎంచిన కొయ్య పాలకొడిశ. ఏటికొప్పాకలో లక్కబొమ్మలకు వాడు అంకుడు ఇదే. సరిహద్దు దాటి చన్నపట్టణమునకు పోయినచో బొమ్మలవారు ఆలెమర యనునదియు ఇదే. గొడ్డలి దెబ్బ పడిన చోట తెల్లని పాలు బొట్లు బొట్లుగా ఊరును. చెట్టునకు పేరు దానివలననే. కొమ్మ పచ్చిదై యుండవలెను, వంపు కలదై యుండవలెను. ఎండిన కొయ్యను చెక్కుట రాతిని చెక్కుట వంటిది. పచ్చికొయ్య ఉలికి వెన్నవలె తెగి, తరువాత నీడన మెల్లగా ఎండి గట్టిపడును. వంపు మాట ఆయన చెప్పుచుండగా నాకు తెలియని లోకము ఒకటి తెరుచుకొన్నది. నేరుగా నున్న పలకనుండి వంపు మెడను కోసినచో నార మెడవద్ద అడ్డముగా తెగిపోవును. ఏదో ఒకనాడు బరువునకు అక్కడనే విరుగును. కొమ్మయే వంగి పెరిగినచో నార కూడ వంగియే పెరుగును; మూతినుండి పిడివరకు ఒక్క పోగు తెగక సాగును. "చెట్టు వంచినాక మనం వంచేదేముండాది" అని, కుప్పలోనుండి కొమ్మలు తీసి తీసి ప్రక్కకు పెట్టి, ఏడవదో ఎనిమిదవదో చేతబట్టి, పాత గంటె మెడతో పోల్చి చూచి, తృప్తిగా తల యాడించెను.

మొదట గొడ్డలి. కొమ్మను నడిమికి చీల్చి, లోపలి మెత్తని దవ్వ ఏ సగమునందును మిగులకుండ చెక్కివేసెను. పిమ్మట బాడిస. ఆయన నేలమీద కూర్చుండి, కొయ్యను రెండు పాదముల బొటనవ్రేళ్ల నడుమ బిగించి పట్టెను. మరే పట్టుడు సాధనమును లేదు. బాడిస పైకి లేచి పడినప్పుడెల్ల దాని పదును ఆయన కాలివ్రేలికి ఒక అంగుళము దూరమున ఆగుచుండెను. ఆగిన ప్రతిసారియు కాగితమంత పల్చని పేడు ఒకటి చుట్టుకొని ప్రక్కన రాలుచుండెను. నేను ఊపిరి బిగబట్టితిని. ఆయన మాత్రము వానల మాట, రాగి ధర మాట చెప్పుచునే యుండెను. ఆ కాలివ్రేళ్లను దగ్గరగా చూచితిని. కుడికాలి బొటనవ్రేలు లోవైపునకు వంగి, దాని ప్రక్క చర్మము తోలువలె దిట్టమై, కొయ్యకొరకే ఒక గాడి ఏర్పడియున్నది. అరువదియేండ్లు పనిముట్టు పట్టిన దేహము తానే ఒక పనిముట్టు అయినది.

నేననుకొన్నట్లు వెలుపలి రూపము ముందు తీరలేదు. పల్లము ముందు, వీపు తరువాత. పైభాగము చదునుగా నున్నంతవరకే కొయ్య కాలిక్రింద కదలక నిలుచును; వీపు గుండ్రనయిన పిదప పల్లము తోడుట కత్తిమీద సామే. పైగా, లోతు ఎంతయో తేలిన తరువాత గదా మందము ఎంత మిగుల్చవలెనో తెలియును! గోటివలె మొన వంగిన చిన్న ఉలి పట్టి, నారకు అడ్డముగా, ఒక అంచునుండి నడిమికి, మరల రెండవ అంచునుండి నడిమికి తోడెను. ఒక్క వైపునుండి రెండవ వైపునకు దాటించినచో ఎదుటి అంచు లేచిపోవునట. నడుమ వచ్చి కలిసిన రెండు కోతల చోట ఒక సన్నని గీత మిగులును. దానిని తుడిచివేయుటకు మరియొక పల్చని కోత. అడుగున రెండు నూళ్ల మందము నిలిపెను. కొలత చూడలేదు, గోటితో వెనుకనుండి తట్టి చెవియొగ్గి వినెను. మొదట "టక్కు" మనిన కొయ్య చివరకు "టింగు" మనునట్లు నాకును వినవచ్చెను, లేదా వినవచ్చినదని నేను నమ్మితిని.

అంచు తీర్చునప్పుడు ఆయన ఒక్కసారి ఆగి పాతగంటెను మరల చేతబట్టెను. మామూలు గంటెకు మూతిని ఎడమ వాలుగా తీర్తురు, కుండ గోడకు ఆనునట్లు. దీనికి కుడి వాలుగా తీర్చెను. నేను మరల "తాతా, మా పెద్దమ్మ కుడిచేతి మనిషే" అని పలుకబోయి ఊరకుంటిని. అరిగిన కొయ్య చెప్పుచున్న దానికిని నా జ్ఞాపకము చెప్పుచున్న దానికిని పొసగుటలేదు. అబద్ధమాడుటకు కొయ్యకు కారణము లేదు.

ఆ రోజునకు పని అంతే. సగము తీరిన గంటెను దాని పేళ్లతోనే గోనెసంచిలో పెట్టి మూతి మడిచి నీడన ఉంచెను. వట్టి గాలికి ఉంచినచో పైపొర ముందు ఎండి బిగిసి చిట్లును. "పదైదు దినాలు పోనీ" అనెను. చీల్చిన రెండవ సగమును నాకిచ్చి, ఒక పాత ఉలిని కూడ ఎరువిచ్చి, "నువ్వూ ఒకటి సెయ్యి" అనెను.

నేను చేసితిని. ఆ సగముతో కాదు. అంత మంచి కొయ్యను పాడుచేయుటకు మనసొప్పక, మా పెరటిలో విరిగిపడిన మరియొక కొమ్మను తెచ్చి, రెండు సెలవుదినముల పొద్దంతయు కూర్చుండి చెక్కితిని. మొదటి గంటలో నేను కొయ్యతో పోరాడితిని. మూడవ గంటలో నార ఎటు పోవుచున్నదో చూచుకొని ఉలి త్రిప్పుట అలవడెను. ఆ తరువాత కాలము తెలియలేదు. గంటె రూపమునకు వచ్చిన నాటి నా సంతోషమును దాచుకొనను. అయిదవ దినమున అది మూతినుండి మెడవరకు నిలువున పగిలెను. ఎత్తికొని పోయి చూపితిని. ఆయన పగులు వెంట గోరు పోనిచ్చి, "దవ్వ తియ్యలేదు గదా" అనెను. నిజమే. కొయ్య ఎండునప్పుడు అన్ని దిక్కులకును ఒకే తీరున కుంచించుకొనదు. చుట్టువలయముల వెంబడి కుంచించునంతలో సగమే నడిమినుండి అంచునకు కుంచించును. దవ్వ చుట్టు వలయము పూర్తిగా మిగిలియున్నచో ఆ తేడాను సర్దుకొనుటకు కొయ్యకు చోటు ఉండదు. చీలిపోవుటయే దానికి దారి. పుస్తకములో నిది నేను చదివియుంటిని. ఆయన దానిని గొడ్డలి మొదటి దెబ్బలోనే చేసి చూపియుండెను. నేను చూచి కూడ చూడకపోయితిని.

పదునైదు దినములకు పోయినప్పుడు సంచిలోని గంటె తేలికపడియుండెను. చిన్న కత్తితో మెడను, పిడిని తుదిగా తీర్చి, పగిలిన గాజుపెంకుతో గీకి, ఎండిన బరింక ఆకుతో రుద్దెను. ఆ ఆకు గరుకు ఎంతటిదనగా, ఉప్పుకాగితము పుట్టకముందు వడ్రంగులకు అదియే ఉప్పుకాగితము. చివరకు వేరుసెనగ నూనె నాలుగు చుక్కలు. తెల్లని కొయ్య ఏనుగుదంతపు రంగునకు తిరిగెను.

వెల అడిగితిని. ఆయన కొంతసేపు పలుకక, ఒకప్పుడు గంటెకు వెల లేదని చెప్పెను. ఊరి వడ్రంగి నాగలి చెక్కును, గొర్రు చెక్కును, గుంటక, బండి చూచుకొనును. పంట కళ్లమునకు వచ్చినప్పుడు రైతులు మేర కొలుతురు. ఆ మేరలోనే ఇల్లాలి గంటెయు, సంగటి కట్టెయు, పసిబిడ్డ నడకబండియు ఇమిడియుండును. నాగలికి కోయగా మిగిలిన వంపు ముక్కయే గంటె యగును. ఎవరి యింట ఎందరు, ఎవరి కుండ ఎంత, ఏ యిల్లాలు పొట్టి, ఏ యిల్లాలు పొడుగు అనునది ఆయనకు అడుగకయే తెలియును. ఆనంద కుమారస్వామి 1909లో భారతీయ శిల్పిని గూర్చి వ్రాసిన గ్రంథమున గ్రామ శిల్పికి ఊరితో గల ఈ బంధమునకే మొదటి చోటు ఇచ్చెను. ట్రాక్టరు వచ్చి నాగలి పోయెను. నాగలితో మేర పోయెను. మేరతో పాటు, ఎవరి దృష్టియు పడకయే, గంటె పోయెను. స్టీలు గంటెవలన కొయ్యగంటె పోయినదని మనమనుకొందుము గాని, నాకు తోచినంతవరకు అది నాగలితో కలిసి పోయినది. "ఇప్పుడు కొత్తోళ్లు వస్తే నాకేం తెలుసు ఆమె చెయ్యి? అందుకే అడగాల" అని ఆయన నవ్వెను.

కొయ్యగంటె మన రాష్ట్రమున ఇంకను బ్రతికియున్న తావు ఒకటి కలదు. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో, 1514లో కృష్ణదేవరాయలు గజపతులనుండి గెలిచికొన్న ఆ దుర్గపు కొండ నీడన, ఎక్కువగా ముస్లిం కుటుంబముల స్త్రీలు, కొండలో దొరకు నర్ది, బిక్కి, దేవదారి మొదలగు కొయ్యలతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చేతితో చెక్కుదురు. ఈ దేవదారి హిమాలయపు దేవదారువు కాదు. మన మెట్టకొండలలో పెరుగు సువాసన గల చిన్నచెట్టు. ఆ పనితనమునకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. అవి ఎంతో సుకుమారమైన వస్తువులు. చెంచా పిడిపై వారు తెరచు జాలీలను చూచినప్పుడు కన్నులు తిప్పుకొనలేము. అవి ఏ ఊరికి, ఏ చేతికి పోవునో చెక్కువారికి తెలియదు. అది వారి లోపము కాదు, సంత పెరిగినకొలది తప్పని దూరము. ఆ దూరమున కూడ చేతిపని నిలిచి, ఆ యిండ్ల పొయ్యి వెలుగుచున్నందుకు సంతోషింపవలెను. ఆ చెంచాను కొనువారు బేరమాడునప్పుడు దానికి పట్టిన పూటలను ఒకసారి లెక్కించుకొనవలెను.

చెక్కిన గంటెలో ఒక నిర్దిష్టమైన చేయి ఉండవలెనన్న తలంపు మనకే పరిమితము కాదు. బ్రిటన్ దీవిలోని వేల్సు దేశమున పడుచువాండ్రు తాము వలచిన పిల్లకొరకు చెంచా చెక్కి యిచ్చు ఆచారము కలదు. 1667 అని తేదీ చెక్కిన చెంచా అక్కడి సెయింట్ ఫేగన్స్ ప్రదర్శనశాలలో నేటికిని భద్రముగా నున్నది. స్వీడన్ దేశమున నేస్ అనుచోట ఓటో సాలమన్ 1870ల దశాబ్దిలో నెలకొల్పిన శిక్షణాలయము, స్లాయిడ్ అను పేర, కత్తి పట్టి కొయ్య వస్తువులు చేయుట పిల్లల చదువులో భాగమని లోకమునకు చాటెను. మనకు ఆ మాట చెప్పినవారు లేకపోలేదు. 1919 ఫిబ్రవరిలో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో విడిసి జనగణమనకు ఆంగ్లానువాదము వ్రాసిన రవీంద్రుడే, మూడేండ్లకు, 1922లో, శ్రీనికేతనమును స్థాపించి పల్లె చేతిపనులకు అక్కడ ఆశ్రయము కల్పించెను. 1937లో వార్ధాలో గాంధీజీ చేతిపనిని చదువునకు నడిబొడ్డున నిలుపవలెననెను. మదనపల్లె బడిపిల్లలు రవీంద్రుడు తమ ఊరికి వచ్చినాడని గర్వముగా చెప్పుదురు. ఆ పిల్లల చేతికి ఒక చిన్న ఉలి, ఒక పచ్చి కొమ్మ ఇచ్చి రెండు పూటలు కూర్చుండబెట్టినచో, ఆ గర్వమునకు తగిన పని యగునని నాకు గట్టి నమ్మకము.

2022 జులై 1 నుండి ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ చెంచాలను దేశమంతట నిషేధించిరి. వాటి చోట ఐస్‌క్రీము కప్పులతో కొయ్యచెంచాలు వచ్చినవి. యంత్రము పల్చని రేకునుండి అచ్చుగుద్దినట్లు కోసిన బద్దలు అవి; వాటికి మెడ లేదు, పల్లము లేదు; నాలుకకు పొడిగా గీచుకొనును. ప్లాస్టిక్కు పోయినందుకు మేలే. అయినను ఒక బిడ్డ కొయ్యచెంచా యన్న ఇంతే గాబోలునని అనుకొనుట నాకు బాధ.

క్రొత్తగంటెతో కుప్పమునకు పోయిన దినమున నేను వరండాలో కూర్చుండలేదు. వంటయింటి గడపలో నిలిచితిని. పెద్దమ్మ పొయ్యి ముందర పీటపై కూర్చుండి పులుసు కలియబెట్టుచుండెను, ఎడమచేతితో. విస్తరి వేసి వడ్డించునప్పుడు గంటెను కుడిచేతికి మార్చెను. ఇన్నియేండ్లు నేను విస్తరి ముందు కూర్చుండి చూచిన చేయి అది. పొయ్యి ముందరి చేతిని నేను ఏనాడును చూచియుండలేదు.

"పెద్దమ్మా, నీది ఎడమచేతివాటమా?"

"చిన్నప్పుడు ఎడమచేత్తో వడ్డిస్తే మా అమ్మ చేతిమింద ఏసేదిరా. పొయ్యికాడ ఎవురు సూస్తారని ఈ చెయ్యి" అని, ఏదో తప్పు బయటపడినట్లు సిగ్గుపడెను. ఆమెకు డెబ్బదియారేండ్లు.

క్రొత్తగంటెను ఎడమచేత పట్టి కుండలో ఒక చుట్టు తిప్పెను. కుడి వాలు అంచు అడుగునకు చక్కగా ఆని జారినది. ఆమె మొగము వెలిగినది. రెండవ చుట్టునకు కొంచెము ఆగి, "బాగుండాది. రొంత పొడుగైందిరా" అనెను. నేను పాతగంటెను తెచ్చి ప్రక్కన పెట్టితిని. పిడులు రెండును వెంట్రుకవాసి తేడా లేదు. ఆమె రెండింటిని కొంతసేపు చూచినది.

"గంటె పొడుగు గాదులే. నేనే కుంగినా."

మరునాడు నేను గంటెను తిరిగి కొట్టమునకు తీసికొనిపోయి ఆమె మాటను ఆయనకు చెప్పితిని. ఆయన ఏమియు అనలేదు. పిడిని కాలివ్రేళ్ల నడుమ బిగించి, చివరనుండి రెండు వ్రేళ్ల మేర కొలిచి, చిన్న రంపముతో కోసి, చిటికెనవ్రేలు ఆనుకొనుటకు క్రొత్తగా బుడిపెను తీర్చి, గాజుపెంకుతో గీకి, నూనె రాచెను. కోసిన ఆ రెండు వ్రేళ్ల ముక్కను పొట్టులో పడవేయబోయి, ఆగి, నా చేతికిచ్చెను.